పౌరుఁడైన తండ్రి – పరదేశియైన బిడ్డ

దేశాంతరగమనము తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమందే మనవారు మారిషసు ద్వీపమునకును, నేటాలునందలి చెఱకుతోఁటలకును, రంగూను రేవునకును, మలయా తోఁటలకును బోయిరి. 1903 మొదలు ఫిజీ ద్వీపములకుఁ గూడ దక్షిణదేశపు కూలీలను ఓడలలోఁ గొనిపోయిరి. వారిలోఁ దెలుఁగువారును గలరు. అట్లు పోయినవారిలో ఆలుబిడ్డలను వెంటఁ గొనిపోయినవారు కొందఱు. ఇంట విడిచిపోయినవారు పెక్కండ్రు. విడిచిపోఁబడిన బిడ్డలు తండ్రి ముఖము నెఱుఁగకయే పెరిగిరి. ఆ కాలమున అట్టి వియోగమునకు దారిద్ర్యము కారణము. నేఁడు మన కుటుంబములలోఁ గలుగుచున్న వియోగమునకు మాత్రము దారిద్ర్యము కారణము కాదు. తేదీలు కారణము.

ఈ సమ్మేళనసంచికకుఁ జరిత్రవ్యాస మొకటి వ్రాయుఁడని సంఘకార్యదర్శులు మమ్ముఁ గోరినపుడు, మేము గోత్రములను గూర్చియో, ఇంటిపేళ్లను గూర్చియో వ్రాయుదుమని పలువురు తలఁచియుందురు. అట్టి వ్యాసములు మన సంచికలలో లోఁగడఁ బెక్కు వెలువడినవి. వంశమనఁగాఁ గడచిన తరములు మాత్రమే కాదు. రానున్న తరములును వంశమే. మన సంఘకుటుంబములలో అమెరికా సంయుక్తరాష్ట్రములందు ఒక్కరైనను లేని కుటుంబము నేఁ డరుదు. అచ్చటికిఁ బోయినవారు ఏండ్లు గడచిన పిదప ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించుచున్నారు. స్వీకరించినవెంటనే, "ఇఁక మా బిడ్డకు భయము లేదు, మేము పౌరులమైతిమి" అని స్వస్థలమునకు వార్త పంపుదురు. ఆ మాట కొన్నియెడల నిజము, కొన్నియెడలఁ గాదు. తండ్రి పౌరుఁడైనను బిడ్డ పరదేశిగా నిలిచిపోవుట ఆ దేశచరిత్రమున రెండువందల యేండ్లకుఁ బైబడినకాలము నుండి జరుగుచున్నది. ఎందుల కట్లు జరుగుచున్నదో తెలియవలెనన్నఁ జరిత్రను జూడవలెను.

బిడ్డ యనఁగా నెవరు?

మన పూర్వులు వ్యవహారయోగ్యతకు వయోనిర్ణయము చేసిరి. నారదస్మృతి 16 సంవత్సరముల వఱకు బాలుఁడనియు, అటుపై వ్యవహారము నెఱిఁగినవాఁడనియుఁ జెప్పినది. కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున స్త్రీకి 12 ఏండ్లును, పురుషునకు 16 ఏండ్లును నిండినఁ బ్రాప్తవ్యవహారు లగుదురనెను. ఆంగ్లేయుల యేలుబడిలో 1875 వ సంవత్సరపు శాసనము 18 సంవత్సరములను హద్దుగాఁ జేసినది. కావున వయస్సునుబట్టి మనుష్యుని హక్కులను నిర్ణయించుట మన కపరిచితము కాదు. కాని ఇంటిలో బిడ్డ యెన్నఁటికిని బిడ్డయే. నలువదియేండ్ల కుమారుని సయితము తల్లి "మా పిల్లవాఁడు" అనియే పిలుచును.

అమెరికా శాసనమున "బిడ్డ" యను పదమునకు రెండు లక్షణములు గలవు. 21 సంవత్సరములు నిండకుండుట ఒకటి. వివాహము కాకుండుట రెండవది. ఈ రెంటిలో నొకటి తప్పినచో వ్యక్తి శాసనదృష్టిని "కుమారుఁడు" లేక "కుమార్తె" యగును గాని "బిడ్డ" కాదు. మనకుఁ బర్యాయపదములుగాఁ దోఁచు నీ మాటల నడుమ ఆ శాసనమునఁ బదియేండ్లకుఁ బైబడిన యెడము గలదు. ఈ భేదమును మనస్సున నుంచుకొని చరిత్రలోనికిఁ బోవుదము.

మొదటి శాసనము

అమెరికా స్వతంత్రమైన పిదప 1790 వ సంవత్సరము మార్చి నెలలో మొదటి పౌరసత్వ శాసనము చేయఁబడెను. రెండేండ్లు ఆ దేశమున నివసించిన స్వతంత్రుఁడైన శ్వేతజాతీయుఁడు పౌరుఁడు కావచ్చునని అందుఁ గలదు. పౌరుఁడైనవాని బిడ్డలు, ఆ సమయమునకు 21 ఏండ్లు నిండనివారై ఆ దేశమున నివసించుచున్నచో, వారును బౌరులే యని ఆ శాసనమే చెప్పినది. 1795 లో నివాసకాలము 5 ఏండ్లుగాను, 1798 లో 14 ఏండ్లుగాను బెంపఁబడి, 1802 లో మరల 5 ఏండ్లుగాఁ దగ్గింపఁబడెను. ఎన్ని మార్పులు వచ్చినను, బిడ్డవిషయమున "నివసించుచున్నచో" నను షరతు మాత్రము విడువఁబడలేదు. తరువాతి చరిత్రమంతయు నీ యొక్కమాటకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

ఆ మాటకు మొదటి పరీక్ష 1810 లో వచ్చెను. స్కాట్లండునుండి వచ్చిన కర్రీ యనునతఁడు 1795 లో పౌరుఁడయ్యెను. అప్పటికి ఆతని కూఁతురు స్కాట్లండులోనే యుండెను. 1797 లో ఓడ యెక్కి తండ్రికడకు వచ్చెను. పినతండ్రి వరుసవాఁడు చనిపోఁగా నతని భూమికి ఈమె వారసురాలగునా యను తగవు పుట్టెను. పరదేశికి భూమివారసత్వము లేని దినము లవి. తండ్రి పౌరుఁడైన నాఁడు బిడ్డ ఆ దేశమున లేదు గదా యని ప్రతిపక్షులు వాదించిరి. 1802 వ సంవత్సరపు శాసనము చేయఁబడునాఁటికి ఆమె అచ్చట నివసించుచున్నది గనుకఁ బౌరురాలే యని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. బిడ్డ తరువాత వచ్చినను జాలును, వచ్చి నివసింపవలెను. ఇది బిడ్డకు మేలు చేసిన తీర్పు.

వాకిటిలో నాఁగిన బిడ్డలు

తరువాత శతాబ్దము గడచునప్పటికి అమెరికా రేవులలో వైద్యులును, అధికారులును నిలిచిరి. వచ్చిన ప్రతివానిని బరీక్షించి, కొందఱిని వచ్చిన యోడలోనే వెనుకకుఁ బంపుచుండిరి. అపుడు "నివసించుచున్నచో" నను మాటకు రెండవ పరీక్ష వచ్చెను. తురుష్కదేశము నుండి వచ్చిన జర్తరియను అనునతఁడు 1896 లోఁ బౌరుఁడయ్యెను. అతని మైనరు కూఁతురు 1905 లో బోస్టను రేవునకు వచ్చెను. ఆమెకుఁ ద్రకోమా యను కంటిజాడ్యము గలదని వైద్యులు నిర్ణయించి ప్రవేశము నిరాకరించిరి. తండ్రి పౌరుఁడు గనుకఁ గూఁతురును బౌరురాలే, పౌరురాలిని రేవులో నాఁపరాదని ఆతఁడు కోర్టు కెక్కెను. 1907 లో సుప్రీముకోర్టు ఆ వాదమును ద్రోసివేసెను. ఆమె ఆ దేశమున నెన్నఁడును నివసింపలేదు గనుక, తండ్రి పౌరసత్వ మామెకు సంక్రమింపలేదని తీర్పు. రేవు వఱకు వచ్చుట వేఱు, నివసించుట వేఱు.

ఆ 1907 వ సంవత్సరముననే చేయఁబడిన శాసనము ఈ న్యాయమును స్థిరపఱచినది. బిడ్డ మైనరుగా నుండఁగాఁ దండ్రి పౌరుఁడైనచో బిడ్డకుఁ బౌరసత్వము గలుగును గాని, అది బిడ్డ ఆ దేశమున స్థిరముగా నివసింప నారంభించిన దినము మొదలే యని అందుఁ జెప్పఁబడెను. స్థిరనివాసము ముందు, పౌరసత్వము వెనుక. ఈ క్రమము నాఁటినుండి నేఁటివఱకుఁ జెక్కుచెదరలేదు.

మూఁడవ పరీక్ష మఱింత కఠినమైనది. 1914 లో కాప్లాను అను బాలిక సుమారు 13 ఏండ్ల ప్రాయమున న్యూయార్కునకు వచ్చెను. ఆమె మందబుద్ధి యని చెప్పి ఎల్లిసుద్వీపమున నాఁపి, వెనుకకుఁ బంప నుత్తరువు చేసిరి. అంతలో యూరపున యుద్ధ మారంభమై ఓడలు నడవలేదు. 1915 లో ఆమెను ఒక ధర్మసంస్థవారి కప్పగింపఁగా, ఆమె తండ్రియింటనే పెరుగుచుండెను. 1920 లోఁ దండ్రి పౌరుఁడయ్యెను. ఆమె అప్పటికి మైనరే, తండ్రితోఁ గూడి యున్నది, ఏండ్లు గడచినవి. ఐనను 1925 లో సుప్రీముకోర్టు, న్యాయమూర్తి హోమ్సు నోట, ఆమె శాసనదృష్టిని ద్వీపపు వాకిటిలోనే నిలిచియున్నదనియు, ఆ దేశమున నివసించినట్లు కాదనియు నిర్ణయించెను. తండ్రియింటఁ బండుకొన్న బిడ్డ శాసనమునకు వాకిటనే యున్నది! దేహముతో నుండుట చాలదు, అనుమతితో నుండవలెనని దీని తాత్పర్యము. నేఁడు మనము గ్రీనుకార్డని పిలుచు స్థిరనివాసపత్రము ఆ యనుమతికి గుర్తు.

మనవారికి మూయఁబడిన ద్వారము

పైఁ జెప్పిన తండ్రులకుఁ బౌరసత్వమైన లభించెను. మన దేశీయుల కదియు లేకుండెను. 1790 నాఁటి "శ్వేతజాతీయుఁడు" అను మాట శాసనమున నిలిచియుండుటయే దానికిఁ గారణము. 1917 వ సంవత్సరపు శాసనము మన దేశమును నిషిద్ధమండలములోఁ జేర్చెను. పంజాబునుండి పోయి అమెరికా సైన్యమునఁ బనిచేసిన భగత్‌సింగు థిండు గారు, తాము ఆర్యులము గనుక నర్హులమని వాదించిరి. 1923 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు, శాసనము సామాన్యజనుల వాడుకనుబట్టి యర్థము చేసికొనవలసినదే గాని, పండితుల జాతిశాస్త్రమునుబట్టి కాదని చెప్పి యాతని వాదమును నిరాకరించెను. ఆ తీర్పు నాధారముగాఁ జేసికొని, అంతకుమునుపే పౌరులైన హిందూదేశీయుల పౌరసత్వమును రద్దుచేయఁ బ్రభుత్వము పూనుకొనెను.

ఆ దినములలో వైష్ణవదాసు బగాయి గారి కథ మనసును గలఁచును. ఆయన 1915 లో భార్యతోడను, ముగ్గురు కుమారులతోడను సానుఫ్రాన్సిస్కో చేరి, వర్తకము చేసి, 1921 లోఁ బౌరుఁడయ్యెను. 1923 నాఁటి తీర్పు పిదప ఆ పౌరసత్వము తీసివేయఁబడెను. ఏ దేశమునకును జెందనివాఁడై, 1928 లో ఆయన తన ప్రాణమును దానే తీసికొనెను. ఆయన భార్య కళాబాయిగారు బిడ్డలను బెంచి పెద్దవారిని జేసిరి. ఆమె పేర బర్క్లీ పట్టణమున ఒక వీథి 2021 లో వెలసినది. తండ్రి పౌరసత్వమే కూలిపోయినపుడు బిడ్డల నిలుకడ యెట్లుండునో యీ కుటుంబము మనకుఁ జూపుచున్నది.

తెలుఁగువారిలోఁ జెప్పవలసిన పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. భీమవరమున 1895 లో జన్మించిన యా మహనీయుఁడు హార్వర్డులోఁ బరిశోధన చేసి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలోఁ బనిచేసి, లోకమునకు మందుల నొసఁగిన కీర్తిమంతుఁడు. సహధర్మచారిణి స్వదేశమున నిలిచిపోఁగా ఆయన మరల రానేలేదు. తమ జీవితకాలములోఁ జాలభాగము పౌరసత్వమున కనర్హులుగానే యుండిరి. 1946 జూలైలో లూసు, సెల్లరు అను వారి పేరఁ బరఁగిన శాసనము హిందూదేశీయులకుఁ బౌరసత్వద్వారమును దెఱచి, ఏఁటికి 100 మంది వలసవచ్చుట కనుమతించెను. రెండేండ్లకే, 1948 లో, ఆయన పౌరుఁడు గాకయే కన్నుమూసెను. ఆ వెనుక దలీపుసింగు సౌందు గారు 1949 లోఁ బౌరుఁడై, 1956 లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. ద్వార మొక్కమాఱు తెఱవఁబడిన మనవా రెంతదూరము పోఁగలరో దీనివలనఁ దెలియును.

ద్వారము తెఱచిన శాసనములు

1952 వ సంవత్సరపు శాసనము పౌరసత్వమునకు జాతినిషేధమును దొలఁగించినది. 21 ఏండ్లు నిండని, వివాహము గానివారే బిడ్డలని పైఁ జెప్పిన నిర్వచనమును అందే స్పష్టపడినది. కాని మన దేశమునకు ఏఁటి సంఖ్య అల్పముగానే యుండెను. 1965 అక్టోబరు 3 వ తేదీన అధ్యక్షుఁడు జాన్సను స్వేచ్ఛాప్రతిమ పాదమున సంతకము చేసిన శాసనము ఆ స్థితిని మార్చివేసినది. దేశమొక్కంటికి ఏఁటికి 20,000 వఱకు అనుమతి గలిగెను. పౌరుల భార్యాభర్తలు, బిడ్డలు, తలిదండ్రులు ఈ లెక్కకు వెలుపల నుంచఁబడిరి. మన వైద్యులును, ఇంజనీర్లును బెద్దసంఖ్యలోఁ బోవ నారంభించినది ఆ పిమ్మటనే.

1990 వ సంవత్సరపు శాసనము నేఁటి సంఖ్యలను నిర్ణయించినది. 21 ఏండ్లు దాఁటి వివాహము కాని పౌరుల కుమారులకును, కుమార్తెలకును ఏఁటికి 23,400. వివాహమైన పౌరుల కుమారులకును, కుమార్తెలకును 23,400. స్థిరనివాసుల భార్యాభర్తలకును, బిడ్డలకును, అవివాహితులైన పెద్దబిడ్డలకును గలిపి 1,14,200. ఈ సంఖ్యలు లోకమంతటికిని జేరినవి. ఏ యొక్క దేశమునకును నూటికి 7 వంతులకు మించరాదని మఱియొక నియమము గలదు. అర్జీలు లక్షలు, స్థానములు వేలు నగుటచే, వరుస యేండ్లకొలఁది సాగుచున్నది.

వరుసలో నిలిచిన బిడ్డ పెరుగకుండునా? పెరుగును. అధికారి కాగితమును జూచులోపల 21 నిండి "బిడ్డ" యను పేరు పోఁగొట్టుకొనిన వారెందఱో. ఈ యన్యాయమును గొంతవఱకుఁ దీర్చుటకు రెండు శాసనములు వచ్చినవి. 2000 అక్టోబరులో సంతకమై, 2001 ఫిబ్రవరి 27 నుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, 18 ఏండ్లు నిండని బిడ్డ స్థిరనివాసియై, పౌరుఁడైన తండ్రి లేక తల్లి సంరక్షణలో ఆ దేశమున నివసించుచున్నచో, వేఱు అర్జీ లేకయే పౌరుఁ డగును. 1952 నాఁటి శాసనము సామాన్యముగాఁ దలిదండ్రు లిరువురును బౌరులు కావలెననఁగా, నేఁడు ఒక్కరు చాలును. రెండవది 2002 ఆగస్టు 6 వ తేదీ శాసనము. పౌరుఁడు తన బిడ్డకై అర్జీ పెట్టిన దినముననే బిడ్డ వయస్సు నిలిచిపోవునని ఇది చెప్పినది. తండ్రి స్థిరనివాసిగా నుండఁగా అర్జీ పెట్టి తరువాతఁ బౌరుఁడైనచో, బిడ్డకు 21 నిండకమునుపే యాతఁడు పౌరుఁ డగునెడల, ఆ పౌరసత్వదినమున వయస్సు నిలుచును.

ఐనను ఈ కరుణకును హద్దు గలదు. 1998 లో ఒక పౌరురాలు, వివాహితయైన తన కుమార్తెకై అర్జీ పెట్టెను. ఆ కుమార్తె కొడుకున కప్పటికి 13 ఏండ్లు. 2005 లో వారి వంతు వచ్చునప్పటికి మనుమనికి 21 నిండెను. తల్లికి అనుమతి కలిగెను, కొడుకు వెనుకఁబడెను. 2014 జూనులో సుప్రీముకోర్టు, అట్టివారికిఁ బాత యర్జీతేదీని నిలుపనక్కఱలేదన్న ప్రభుత్వవ్యాఖ్యానమునే సమర్థించెను. అనఁగా ఒక్క పౌరుని యర్జీలో రెండు తరములు గలిసియున్నచో, రెండవ తరము జాఱిపోవుట కవకాశము నేఁటికిని గలదు.

మూఁడు తేదీలు

ఇంతవఱకుఁ జెప్పిన చరిత్రసారమును మన కుటుంబములకు వర్తింపఁజేసి చూతము. మూఁడు తేదీలు ముఖ్యము. తండ్రి విధేయతాప్రమాణము చేసి పౌరుఁడైన తేదీ ఒకటి; బిడ్డకు 18 యును, 21 యును నిండు తేదీలు రెండవది; బిడ్డ వివాహపు తేదీ మూఁడవది. వీనిలో నేది ముందు, ఏది వెనుక యను దానిపైనే సర్వమును ఆధారపడియున్నది.

ఒక దృష్టాంతము. తండ్రి అమెరికాలో స్థిరనివాసి. కూఁతురు గుంటూరున మాతామహుల యింటఁ జదువుకొనుచున్నది. ఆమెకు 17 ఏండ్లు. తండ్రి పౌరుఁడై యర్జీ పెట్టఁగా, ఆమె 18 నిండకమునుపే స్థిరనివాసవీసాతో ఆ దేశమునఁ బ్రవేశించి తండ్రితో నివసించినచో, ఆ ప్రవేశముతోడనే పౌరురాలగును. 18 నిండిన మఱునాఁడు ప్రవేశించినచో స్థిరనివాసి మాత్రమే యగును. పౌరసత్వమునకు సామాన్యముగా 5 ఏండ్లు వేచియుండవలెను. ఆమెకు 20 ఏండ్లుండఁగాఁ దండ్రి పౌరుఁడై యర్జీ పెట్టినను వరుస లేదు; సంఖ్యానియమము లేదు. 21 నిండిన పిదపఁ బౌరుఁడై యర్జీ పెట్టినచో 23,400 స్థానముల వరుసలోఁ జేరి యేండ్లు గడపవలెను. అదివఱకే స్థిరనివాసి యర్జీవరుసలో నున్న పెద్దబిడ్డకుఁ దండ్రి పౌరసత్వమువలన వరుస ఒక్కొక్కపుడు పొడవగుటయుఁ గలదు. అట్టివారు పాతవరుసలోనే నిలుతుమని వ్రాసి కోరుకొనుటకు 2002 నాఁటి శాసన మవకాశ మిచ్చినది.

ఇఁక వివాహవిషయము. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే. స్థిరనివాసి యైన తండ్రి తన యవివాహిత కుమార్తెకై యర్జీ పెట్టియుండఁగా, తాను బౌరుఁడు గాకమునుపే ఆమెకు వివాహము చేసినచో, ఆ యర్జీ యా వివాహముతోడనే రద్దగును. స్థిరనివాసుల వివాహిత సంతానమునకు ఆ శాసనమున వరుసయే లేదు. తరువాతఁ దండ్రి పౌరుఁడైనను బాతయర్జీ బ్రతుకదు. క్రొత్తయర్జీ పెట్టి, క్రొత్తతేదీతో వరుస చివర నిలువవలెను. అదే వివాహము తండ్రి ప్రమాణము చేసిన మఱునాఁడు జరిగినచో, అర్జీ వివాహితుల తరగతికి మాఱును గాని నశింపదు. మొదటి తేదీయే నిలుచును. అల్లుఁడును, వారి బిడ్డలును గూడ ఆమెతోఁ బోవచ్చును. ఐనను వివాహితుల వరుస మన దేశీయులకుఁ బదియేండ్లకుఁ బైబడియున్నదని మఱువరాదు.

మన యిండ్లలో ముహూర్తము పెట్టునపుడు తారాబలమును, చంద్రబలమును జూతుము; మూఢములను, శూన్యమాసములను ద్రోసివేయుదుము; కట్నకానుకలను ముందే మాటలాడుకొందుము. పిల్లయొక్క యర్జీ యే తరగతిలో నున్నదో, తండ్రి ప్రమాణమున కెన్ని నెలలు గలవో యడుగువారు మాత్ర మరుదు. "మంచి సంబంధము వచ్చినది, ఆలస్యము చేయరా"దని పెద్దలు తొందరపెట్టుదురు. ఆఱునెలలు ముందుగాఁ బెట్టిన యొక లగ్నము ఒక కూఁతురిని దలిదండ్రులనుండి పుష్కరకాలము వేఱుచేయఁ గలదు. ఆమె తోఁబుట్టువులు అచ్చటఁ బౌరులై యుండఁగా ఆమె యొక్కతయే ఇచ్చట నిలిచిపోవును. ముదిమిని దల్లికి నీళ్లిచ్చుటకైనను బోలేదు. శుభముహూర్తమును మార్చుకొమ్మని చెప్పుట మా యభిమతము కాదు. నిర్ణయించుటకుముందు ఈ మూఁడు తేదీలను గాగితముపై వ్రాసి చూచుకొమ్మని మాత్రమే మా విన్నపము.

కాగితములను గూర్చి

తేదీలు ముఖ్యమైనపుడు ఆ తేదీలను స్థాపించు కాగితములును ముఖ్యములే. జననమరణముల నమోదు శాసనము మన దేశమున 1969 లోఁ జేయఁబడినను, గ్రామములలోఁ బెక్కు జననములు చాలకాలము నమోదు కాకయే పోయినవి. పాఠశాలలోఁ బెక్కేండ్లు పనిచేసినవారము గనుక ఈ సంగతి మే మెఱుఁగుదుము. బడిలోఁ జేర్చు నాఁడు తాతగా రుజ్జాయింపుగాఁ జెప్పిన తేదీ పాఠశాల పుస్తకమున నెక్కును. జాతకచక్రమున నొక తేదీ యుండును. పురపాలక సంఘమువారి పత్రమున వేఱొకటి యుండును. ఇంటిపేరు ఒక కాగితమున ముందును, ఒక కాగితమున వెనుకను, ఒక కాగితమునఁ బొడియక్షరముగాను నుండును. మనకివి చిన్నవిషయములు. వేలమైళ్ల దూరమునఁ గూర్చుండి కాగితమును మాత్రమే చూచు నధికారికి నివి వేర్వేఱు మనుష్యులుగాఁ దోఁచును. బిడ్డ చిన్నతనముననే జననపత్రము, పాఠశాల పత్రము, పాస్‌పోర్టు ఒక్కతేదీని, ఒక్కపేరును జెప్పునట్లు సరిచేయించుట ప్రతి గృహస్థుని విధి. 1996 నాఁటి శాసనము మొదలు అర్జీ పెట్టినవారు తమ కుటుంబపరిమాణమునకు ఆ దేశము నిర్ణయించిన దారిద్ర్యరేఖకు నూటికి 125 వంతుల యాదాయము చూపి పూచీపత్రము వ్రాయవలెననియుఁ దెలిసికొనవలెను.

సవతిబిడ్డల విషయమున మఱియొక జాగ్రత్త కావలెను. బిడ్డకు 18 నిండకమునుపే పునర్వివాహము జరిగినచో, సవతితండ్రియైన పౌరుఁడు స్థిరనివాసమునకై యర్జీ పెట్టవచ్చును. కాని దత్తత లేనిదే యా సవతితండ్రి ద్వారా పౌరసత్వము స్వయముగా సంక్రమింపదు. మన సంఘమునఁ బునర్వివాహములు నేఁడు పెరుగుచున్నవి గనుక నిది చెప్పితిమి.

మేము న్యాయవాదులము కాము. ప్రతి కుటుంబపు సంగతియుఁ బ్రత్యేకము. ఆ దేశపు శాసనము నెఱిఁగిన న్యాయవాదిని సంప్రదింపక యేపనియుఁ జేయరాదు. దళారుల మాటలు నమ్మరాదు. మన సంఘము చేయఁదగిన పని యొకటి గలదు. పూర్వము మన దాతలు విద్యార్థివసతిగృహములను గట్టించిరి. దూరగ్రామముల బాలురు వానివలననే పట్టణములఁ జదివిరి. ఆ ధర్మమే నేఁటి కాలమున మఱియొక రూపమును దాల్పవలెను. అచ్చటి న్యాయవాదులైన మన సంఘీయులు కొందఱు సంవత్సరమునకు రెండు దినములు మన కార్యాలయమునఁ గూర్చుండి, వచ్చినవారి తేదీలను జూచి యుచితముగా సలహా చెప్పు నేర్పాటును బోషకులు చేయింపఁ గలరు. వివాహపరిచయవేదికలను నడపు మన యువజనశాఖవారు, పరిచయపత్రములలో గోత్రనక్షత్రముల సరసనే "వలస యర్జీ యున్నదా, తలిదండ్రుల పౌరసత్వస్థితి యేమి" యను రెండు గడులను జేర్పఁ గలరు. ఇందులకు వ్యయ మత్యల్పము. కలుగు మేలు తరములకుఁ జాలినది.

బోస్టను రేవున నాఁగిన బాలికయు, ఎల్లిసుద్వీపపు బాలికయుఁ దండ్రుల ప్రేమ చాలక నాఁగినవారు కారు. తండ్రులు వారికై సుప్రీముకోర్టు వఱకును బోయిరి. ప్రేమ యుండియు క్రమము తప్పినందున నాఁగిరి. ఆ నాఁడు క్రమము వారి చేతిలో లేదు. నేఁడు చాలవఱకు మన చేతిలో నున్నది. మన సంఘీయు లీ క్రమము నెఱిఁగి, బిడ్డలతోఁ గూడి యెల్లెడలను సుఖముగా వర్ధిల్లుదురు గాక యని యాశీర్వదించుచు, ఈ వ్యాసమును సంఘమునకు సమర్పించుచున్నారము.